కాదయ్యగారి ఒక్క అవును

మా ఆయనకి ఆఫీసులో పెట్టిన పేరు కాదయ్య. పెట్టింది పగవాళ్లు కాదు, పక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లే. ఎవరు ఏం కనిపెట్టామని పరుగెత్తుకొచ్చినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "కాదయ్యా" అనేవాడట. ఆ మాటే ఆయనకి అంటుకుపోయింది. ఇంటికి ఫోను చేసేవాళ్లు కూడా పొరపాటున "కాదయ్యగారున్నారా?" అని నాలుక కరుచుకునేవాళ్లు. "ఉన్నారు గానీ, మీరేం అడిగినా జవాబు మీకు తెలిసిందే" అనేదాన్ని నేను. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వుకోవడానికి అలాంటివి చాలా ఉండేవి.

పెళ్లయిన కొత్తలో ఆయన ఉద్యోగమేమిటో నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. నాది పళ్ల డాక్టరు దగ్గర పేర్లు రాసుకుని, వచ్చినవాళ్లని వరసలో కూర్చోబెట్టే పని. నోరు తెరిస్తే పుచ్చిన పన్ను కనిపిస్తుంది, పీకితే పోతుంది. ఈయన పనిలో కనిపించేదీ లేదు, పీకేదీ లేదు. ఎక్కడో మన ఊహకి కూడా అందనంత దూరంలో ఒక పెద్ద నక్షత్రం చస్తుందట. చస్తూ చస్తూ గామా కిరణాలు ఒక్కసారిగా చిమ్ముతుందట. అది కంటికి కనబడే వెలుగు కాదు. పైన తిరుగుతున్న ఉపగ్రహంలో ఒక పరికరం దాన్ని పట్టుకుంటుంది. కాసేపు ఎగసి, పడి, మళ్లీ ఎగసి, ఆరిపోతుంది. ఆ నక్షత్రం ఇంక జన్మలో మెరవదు. "చావు ఒక్కసారే కదా మరి" అన్నాను నేను, అదేదో వింతలా చెబుతుంటే.

ఆ కాస్త మెరుపు కంప్యూటర్లో ఒక గీతగా వస్తుంది, ఎగుడుదిగుళ్లుగా. ఆ ఎగుడుదిగుళ్లు ఒక లయలో వస్తున్నాయా, ఇష్టం వచ్చినట్టు వస్తున్నాయా అన్నదే వీళ్లందరి తపన. లయ ఉంటే లోపల ఏదో గిరగిరా తిరుగుతోందని అర్థమట. చచ్చిన నక్షత్రం ఏమై మిగిలిందో దాన్నిబట్టి చెప్పొచ్చట. అందుకని దేశదేశాల వాళ్లు గీతలు ముందేసుకుని లయ కోసం వెతుకుతారు. వెతికితే దొరకకుండా ఎక్కడికి పోతుంది? మబ్బులకేసి చూస్తూ కూర్చుంటే ఏనుగూ దొరుకుతుంది, ఎలుకా దొరుకుతుంది. దొరికినవాడికి తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నాలుగో కాలు చూపించడం మా ఆయన ఉద్యోగం.

అందుకు ఆయన దొంగ మెరుపులు తయారుచేసేవాడు. లయ అనేదే లేకుండా, అచ్చం అసలుదానిలాగే ఉండే గీతలు కంప్యూటరు చేత వేలకి వేలు గీయించేవాడు. అసలు మెరుపులో కనబడ్డ లయ ఆ దొంగవాటిలో కూడా అక్కడక్కడా కనబడిందంటే అది కాకతాళీయం, చెత్తబుట్టలోకే. అది దాటినా ఇంకో ప్రశ్న ఉండేది. వెలుగు మరీ ఎక్కువైతే పరికరం లిప్తపాటు గుడ్డిదైపోతుందట. ఆ గుడ్డితనం మాటిమాటికీ వస్తే, మెరుపే ఆగి ఆగి వెలిగినట్టు కనబడుతుందట. అందుకని ఎంత పెద్దవాళ్లు వచ్చినా మా ఆయన ఒకటే అడిగేవాడు: "వెలుగు ఆగిందా, మన చూపు ఆగిందా?" చాలామంది కాగితాలు సర్దుకునేది అక్కడే.

ఒక్కోసారి ఆ గీతలు ఇంటికి తెచ్చి, అసలుదాన్ని దొంగవాటిలో కలిపేసి, భోజనాల బల్ల మీద పరిచేవాడు. "ఇందులో ఊపిరి పీలుస్తున్నది ఏదో చెప్పండి" అనేవాడు నన్నూ, మా అమ్మాయినీ. నాకు అన్నీ రంపపు పళ్లలాగే కనబడేవి. మా పిల్ల మాత్రం కళ్లు మూసుకుని వేలు పెట్టి "ఇదే నాన్నా, బల్లగుద్ది చెబుతున్నా" అనేది. ఎప్పుడూ దొంగదాని మీదే పెట్టేది. ఆయన పకపకా నవ్వేవాడు. అది తప్పు చెప్పడమే ఆయనకి ముద్దు.

ఆ పిల్లకి పదేళ్లప్పుడు మొదటిసారి మూర్ఛ వచ్చింది. బడి మెట్ల మీద పడిపోయింది. డాక్టర్లు మాత్రలు ఇచ్చారు, మార్చారు, పెంచారు. తగ్గిందే గానీ పోలేదు. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ గదికీ గడియ లేదు. అది స్నానానికి వెళితే నేను తలుపు బయట ముక్కాలి పీట వేసుకుని కూర్చునేదాన్ని. లోపలి నుంచి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి, అదీ నిబంధన. చిన్నప్పుడు కబుర్లు చెప్పేది. పెద్దదయ్యాక "ఉన్నాను, ఉన్నాను, ఇంకా ఉన్నాను" అని విసుక్కునేది. ఇరవై దాటిన ఆడపిల్లకి ఒళ్లు తోముకోవడానికి కూడా కాపలా ఏమిటని ఒకరోజు లోపల ఏడ్చింది. వినిపించనట్టు కూర్చున్నాను. ఏం చేయను?

తల్లిని కదా, నేనూ ఆ జబ్బుకి కారణాలు వెతికాను. గాలి మారితే వస్తుందన్నాను. నిద్ర చాలకపోతే అన్నాను. ఎవరైనా కసిరితే వస్తుందన్నాను. అన్నింటికీ ఆయన కాదనేవాడు. "నువ్వు వచ్చిన రోజులే గుర్తు పెట్టుకుంటున్నావోయ్. గాలి మారినా రాని రోజుల సంగతేమిటి?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. "నా కూతురేమన్నా మీ నక్షత్రమా?" అని ఒకసారి చేతిలో గరిటె విసిరేశాను. ఆయనకి తగలలేదు, గోడకి తగిలింది. ఆయన నిదానంగా గరిటె తీసి కడిగి ఇచ్చాడు. ఆ నిదానం చూస్తే ఇంకా మండేది.

చదువు అయ్యాక అది ఉద్యోగం చేస్తానని పట్టుబట్టింది. మాత్రల డబ్బాలకి చీటీలు అంటించే కార్ఖానా ఒకటి ఉంది, కూర్చుని చేసే పని, పదునైన యంత్రాలేవీ దగ్గర ఉండవు. సరేనన్నాం. మూర్ఛ ఎక్కువగా పగలు, పనిలో ఉండగానే వచ్చేది. పడిపోయినప్పుడల్లా అక్కడి నుంచి నాకు ఫోను వచ్చేది. పళ్ల డాక్టరుకి చెప్పి, నోళ్లు తెరుచుకుని కూర్చున్నవాళ్లని అలాగే వదిలేసి పరుగెత్తేదాన్ని. వంటింటి తలుపు వెనక క్యాలెండర్లో ఆ తేదీ మీద పెన్సిలుతో ఒక చుక్క పెట్టేదాన్ని, డాక్టరు అడిగితే చెప్పడానికి.

ఒకరోజు ఆయన మంచినీళ్లు తాగుతూ ఆ క్యాలెండరు ముందు నిలబడిపోయాడు. గ్లాసు చేతిలోనే ఉంది. చుక్కలు కొన్ని వారాలు గుంపుగా ఉన్నాయి, తరవాత కొన్ని వారాలు తెల్లగా ఉన్నాయి. మళ్లీ గుంపు, మళ్లీ తెలుపు. పాత క్యాలెండర్లు ఎక్కడున్నాయని అడిగాడు. ఉద్యోగంలో చేరక ముందువి చూస్తే ఏ లయా లేదు. చేరినప్పటి నుంచే ఉంది. పనికి వెళ్లడం వల్ల ఒళ్లు ఒక పద్ధతికి అలవాటు పడిందేమో అనుకున్నాడు.

ఆయన తొందరపడ్డాడని ఎవరైనా అంటే నేను ఊరుకోను. తన కూతురి చుక్కలకి కూడా దొంగ చుక్కలు చేయించాడు, వేలకి వేలు. వాటిలో ఆ లయ రాలేదు. అయినా నోరు విప్పలేదు. వచ్చే గుంపు ఫలానా వారం మొదలవ్వాలి అని మనసులోనే అనుకుని ఎదురుచూశాడు. సరిగ్గా ఆ వారమే మొదలైంది. ఆగాల్సినప్పుడు ఆగింది. అప్పుడు వంటింట్లోకి వచ్చి, నా చేతిలో కత్తి ఉందని కూడా చూసుకోకుండా రెండు భుజాలూ పట్టుకుని "అవునోయ్" అన్నాడు. "ఉంది. లయ ఉంది. మంచి వారాలేవో, చెడ్డ వారాలేవో ముందే చెప్పొచ్చు." కాపురానికి వచ్చాక ఆయన నోట అవునన్న మాట అంత గట్టిగా వినడం అదే మొదలు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

పిల్లని పిలిచి చెప్పాడు. అది తండ్రి మొహంలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. సంతోషం ఎక్కువై అనుకున్నాం. "మంచి వారాల్లో నీకేం కావాలో కోరుకో" అన్నాడాయన.

"స్నానాల గదికి గడియ నాన్నా" అంది.

ఆ సాయంత్రమే గడియ కొనుక్కొచ్చాడు. సుత్తి పట్టడం కూడా చేతకాని మనిషి, వంకరగా బిగించాడు, ఊడదీసి మళ్లీ బిగించాడు. చెడ్డ వారాల్లో వేయకూడదని ఒట్టు వేయించుకున్నాడు. మొదటిసారి అది లోపల గడియ వేసుకున్న చప్పుడు విని నేను పీట దగ్గరే నిలబడిపోయాను. లోపల తొట్టి నిండా నీళ్లు పట్టుకుంది, పాటలు పాడింది, ఎంతకీ బయటికి రాలేదు. "నీళ్లన్నీ అయిపోతాయే" అని అరిచాను. "అయిపోనీ" అని అరిచింది. నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తరవాత కొన్ని నెలలు మా ఇల్లు ఇల్లులా ఉంది. మంచి వారాల్లో అది స్నేహితురాళ్లతో ఊరంతా తిరిగింది. కొత్త చెప్పులు కొనుక్కుంది. మా ఆయన నడకే మారింది. ఆఫీసులో చెప్పుకున్నాడట, "కాదయ్య అవునన్నాడా!" అని అందరూ కాఫీలు తాగించారట.

అది సెలవు రోజు. మంచి వారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక తల రుద్దుకుంటానని వెళ్లింది. నేను ముందు గదిలో దుప్పట్లు మడత పెడుతున్నాను. ఆయన పేపరు చదువుతున్నాడు. పాట ఆగింది. తల రుద్దుకునేటప్పుడు ఎవరు పాడతారులే అనుకున్నాను. కాసేపటికి పిలిచాను, పలకలేదు. మళ్లీ పిలిచాను. ఆయన పేపరు పడేసి వచ్చి తలుపుని భుజంతో గుద్దాడు. ఆయనే బిగించిన గడియ, ఎంతకీ రాలేదు. వచ్చేసరికి పిల్ల తొట్టిలో బోర్లా ఉంది. నీళ్లలో ఉండగా మూర్ఛ వచ్చిందన్నాడు డాక్టరు. ఇంతకన్నా నేను రాయలేను.

అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందని మా బంధువులెవరో వీధి వాకిట్లో గుసగుసలాడారు. నేను విన్నాను. ఆయనా విన్నాడు.

కర్మకాండలు అయ్యాయి, జనం వెళ్లిపోయారు. ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ముందు క్యాలెండర్లు, పక్కన కంప్యూటరు. లెక్క మొదటి నుంచి చేయడం, చివరికి వచ్చాక మళ్లీ మొదలుపెట్టడం. ముద్ద కలిపి ఎదురుగా పెడితే ఎండిపోయేది. గడ్డం పెరిగింది. చొక్కా వదులైపోయింది. "తప్పు ఎక్కడుందో దొరకడం లేదోయ్" అనేవాడు. "తప్పు దొరికితే పిల్ల లేచి వస్తుందా?" అని ఒకరోజు అరిచాను. "రాదు" అన్నాడు. "కానీ దాన్ని చంపిన తప్పేదో నాకు తెలియాలి కదా." ఇలాగే సాగితే ఈయన కూడా దక్కడని నాకు భయం పట్టుకుంది. కూతురు పోయింది, మొగుణ్ణైనా దక్కించుకోవాలి, అంతే, ఇంకో ఆలోచన లేదు నాకు.

నేను మళ్లీ పనికి వెళ్లడం మొదలుపెట్టాక ఒక ఉదయం పళ్ల డాక్టరు దగ్గరికి ఒక ఆవిడ వచ్చింది. పేరు రాసుకుందామని తలెత్తితే, "నాకు పంటి నొప్పి లేదమ్మా" అంది. కార్ఖానాలో సూపర్‌వైజరట. నన్ను బయట బెంచీ మీదికి తీసుకెళ్లింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది ఆవిడకి.

అక్కడ సూపర్‌వైజర్లు ఇద్దరు. కొన్ని వారాలు ఒకరు, కొన్ని వారాలు ఒకరు. ఆ రెండోవాడు రూలంటే రూలే అనే మనిషి. పిల్ల పడిపోగానే పైవాళ్లకి చెప్పి మాకు ఫోను చేయించేవాడు. ఈవిడ చేసేది కాదు. అట్టపెట్టెల మీద గోనె పరిచి స్టోరు గదిలో పడుకోబెట్టేది, తేరుకున్నాక టీ ఇచ్చి మళ్లీ పనిలో కూర్చోబెట్టేది. మాటిమాటికీ పడిపోయేవాళ్లని ఉద్యోగంలోంచి తీసేస్తారని భయం. మేలు చేస్తున్నాననే అనుకుంది.

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. క్యాలెండర్లో తెల్లగా ఉన్న వారాలు నిజంగా తెల్లవి కావు. ఆ వారాల్లో మాకు ఫోను రాలేదు, అంతే.

"మీ ఆయన ఏదో కనిపెట్టారని, గడియ పెట్టించారని చెప్పింది" అంది ఆవిడ. "నా గుండె ఆగిపోయిందమ్మా. ఇప్పుడైనా ఇంట్లో చెప్పవే పిచ్చిదానా అన్నాను. ఇంట్లో కూడా ఒకసారి వచ్చిందట, దుప్పటి ముసుగేసుకుని పడుకుందట, మీకు తెలియలేదట. చెప్పమని కాళ్లా వేళ్లా పడ్డాను. ఏమందో తెలుసా? 'మా నాన్న జన్మలో ఒక్కసారి అవునన్నాడక్కా. ఆ మొహం నువ్వు చూడలేదు. దాన్ని నేనెలా కాదనను? కొన్నాళ్లు ఉండనీ, నేనే చెప్తా' అంది."

ఆవిణ్ణి నానా మాటలూ అన్నాను. నీ ఇల్లు పాడవ అన్నాను, నీకూ కడుపుకోత తెలియాలి అన్నాను. వరసలో కూర్చున్నవాళ్లు తొంగి చూశారు. ఆవిడ తల వంచుకుని తిట్లన్నీ తిన్నది. చివరికి ఇద్దరం ఒకళ్ల మీద ఒకళ్లం పడి ఏడ్చాం. లోపల నోరు పుక్కిలించే కాగితపు కప్పులో నీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగి వెళ్లిపోయింది.

ఇంటికి నడిచే దారంతా ఆయనకి ఎలా చెప్పాలా, అసలు చెప్పాలా వద్దా అనే. తలుపు తీసేసరికి ఆయన బల్ల దగ్గరే ఉన్నాడు. కంప్యూటరు ఆపేసి ఉంది. నన్ను చూడగానే అడిగాడు.

"ఒక్కటి చెప్పు. ఆ తెల్లగా ఉన్న వారాల్లో అది నిజంగా పడిపోలేదా, మనకి తెలియలేదా?"

ఎవరెవరినో అడిగిన మనిషికి, తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడానికి ఇన్నాళ్లు పట్టింది. నేను చెప్పేశాను. స్టోరు గది, అట్టపెట్టెలు, ఇద్దరు సూపర్‌వైజర్లు, ఇంట్లో దుప్పటి ముసుగు కూడా. ఆయన పెన్సిలు తీసుకుని, క్యాలెండరు మీద ఈ వారాలు వాడివి, ఈ వారాలు ఆవిడవి అని గుర్తులు పెట్టుకుంటూ పోయాడు.

"అయితే లెక్కలో తప్పు లేదు" అన్నాడు. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది, ఆ వెలుగు చూసి నాకు అసహ్యం వేసింది. మరుక్షణం తానేమన్నాడో ఆయనకే తెలిసింది. పెన్సిలు కింద పెట్టాడు.

"ఎందుకు దాచింది?" అన్నాడు. నేను చెప్పులు విప్పుకుంటున్నాను.

"నేను చెప్పినప్పుడు అది ఏమీ మాట్లాడలేదు, నీకు గుర్తుందా? నా మొహంలోకే చూసింది." ఆగాడు. "నా కోసం కాదు కదా?"

నేను తలెత్తాను. ఆయన నావైపు చూస్తున్నాడు, కళ్లజోడు నుదుటి మీద ఉంది.

"మీ కోసమా? మీ మొహం!" అన్నాను. "ఉద్యోగం ఊడుతుందని దాచింది. నెల తిరిగేసరికి జీతం చేతిలో పడుతుంటే ఎవరు వదులుకుంటారు? ఆ సూపర్‌వైజరు తన నోటితోనే నాతో చెప్పింది. దాని చెప్పులూ, దాని షికార్లూ, దాని గోల దానిది. ఆ వయసులో తండ్రి ఎవరికి గుర్తుంటాడు? అన్నీ తమ చుట్టూనే తిరుగుతున్నాయనుకుంటారు మీరు."

"నిజమేనా?"

"నిజం కాకపోతే? నేను మీతో అబద్ధం ఆడతానా?"

ఆయన చాలాసేపు నా మొహం చూశాడు. నేను మెడ తిప్పలేదు. తరవాత ఆయన భుజాలు కిందికి జారాయి. క్యాలెండర్లు మడిచి పక్కన పెట్టాడు, బల్ల ఖాళీ చేశాడు.

"ఆకలేస్తోందోయ్. ఏమన్నా ఉంటే పెట్టు" అన్నాడు.

కంచం పెట్టి వడ్డించాను. ఆయన తల వంచుకుని తిన్నాడు. తిన్నంతసేపూ నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.